పాత సైన్సు పరికరాల లోహ భాగాలు శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో పాత ప్రయోగశాల పరికరాలు, సర్వే పరికరాలు బాగుచేసే పనిలో ఉన్నాను. అటకమీద తాతగారి మైక్రోస్కోప్ దొరికినవాళ్ళు, కాలేజీ స్టోర్ రూమ్ సర్దుతున్న లెక్చరర్లు, పాత సామాన్ల షాపులో డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు చూసే సర్వే దుర్భిణి) కొనుక్కున్న కుర్రాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి. వస్తువు ఎక్కువగా పాడయ్యే చోట ఎక్కువ రాశాను. మిగతావి క్లుప్తంగా ముగించాను.

ఇంట్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతాం కదా. మైక్రోస్కోప్‌ని తోమితే ఏమవుతుంది?

మెరుస్తుంది. ఆ తర్వాత అది మైక్రోస్కోప్‌లా ఉండదు.

చింతపండులో ఉన్నది ఆమ్లం. అది కిలుముని కరిగిస్తుంది, దాంతోపాటు ఇత్తడిలోని జింకునీ లాగేస్తుంది. ఎక్కువసేపు నానబెడితే పైపొరలో రాగి మాత్రమే మిగిలి, ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది. బిందెకి అది పెద్ద లెక్క కాదు, పండక్కి పండక్కి తోముతూనే ఉంటాం, మందం కూడా ఉంటుంది. పరికరంలో అయితే ఒక గొట్టం ఇంకో గొట్టంలో వెంట్రుకవాసి సందుతో జారాలి. దాని మీద అంకెలు, తయారీదారు పేరు సన్నగా చెక్కి ఉంటాయి. పైన ఒక పూత ఉంటుంది. ఒకసారి తోమితే ఈ మూడూ దెబ్బతింటాయి.

ఆ పూత గురించే చాలామందికి తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ వచ్చిన ఇత్తడి పరికరాలకి లక్కని స్పిరిట్‌లో కరిగించి, వేడి చేసిన లోహం మీద పల్చగా పూసేవారు. మన వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్‌కి వాడేదీ ఆ లక్కే. రంగు కోసం అందులో పసుపు, ఎరుపు చెట్టు జిగుర్లు కలిపేవారు. అంటే మీరు చూసే ఆ బంగారు ఛాయ చాలావరకు ఇత్తడిది కాదు, పూతది. నూరేళ్ళు గాలి తగలకుండా లోహాన్ని కాపాడింది కూడా అదే.

పూత ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్ ఉంటే సులువు. కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి, రెండు పిన్నులనీ పైకి కనపడని చోట, అడుగు భాగంలో, గీత పడకుండా ఆనించండి. వట్టి ఇత్తడైతే బీప్ అంటుంది. పూత ఉంటే మోగదు, ఎందుకంటే లక్క కరెంటుని పోనివ్వదు. కిలుము దట్టంగా ఉన్నా మోగకపోవచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల చూడండి.

మల్టీమీటర్ లేకపోతే ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి, అడుగున ఆవగింజంత చోట అద్దండి. దూది లేత పసుపుగా మారి, ఆ చోటు జిగటగా అయితే అది లక్కే. ఇక ఆ వస్తువు దగ్గరికి స్పిరిట్ తేవద్దు. శానిటైజర్ కూడా స్పిరిట్టే. శుభ్రంగా ఉండాలని శానిటైజర్ రాసుకున్న చేతులతో అలాగే పట్టుకుంటే ఆ వేలిముద్రలు పూతలో దిగిపోతాయి.

సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోన్‌తో. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి, ఒక్కో భాగం ఊడదీసినప్పుడల్లా ఇంకొకటి తీయండి.

తర్వాత మరలు, అంటే స్క్రూలు. పాత పరికరాల్లో ఒకేలా కనిపించే మరలు నిజానికి ఒకటి కావు. చాలావాటిని ఏ రంధ్రానికి ఆ రంధ్రానికి చేత్తో సరిచేసి బిగించేవారు. అట్టముక్క మీద పరికరం బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. బ్రిటిష్ పరికరాల్లో సన్న మరలకి తరచుగా బి.ఏ. (బ్రిటిష్ అసోసియేషన్) కొలత, పెద్దవాటికి విట్‌వర్త్ కొలత ఉంటుంది. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే మెట్రిక్ మర రెండు చుట్లు ఎక్కి మూడో చుట్టులో రంధ్రాన్ని చెడగొడుతుంది. స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా, వదులు లేకుండా కూర్చోవాలి. మన దగ్గర దొరికేవాటి మొన ఏటవాలుగా ఉంటుంది, దాన్ని ఆకురాయితో సమానంగా అరగదీసుకోవాలి. దీనికి ఒక పూట పట్టినా పట్టనివ్వండి.

లోహం ముట్టుకునే ముందే కటకాలు విడదీసి పక్కన పెట్టాలి. వాటి శుభ్రత వేరే కథ, ఇక్కడ చెప్పను. ఒక్క హెచ్చరిక మాత్రం: పాత థియోడొలైట్ (సర్వేలో కోణాలు కొలిచేది), లెవెల్ దుర్భిణీల్లో కనిపించే అడ్డగీత, నిలువుగీత చాలాసార్లు నిజమైన సాలెపురుగు దారాలు. బూజు పట్టిందనుకుని బ్లోయర్‌తో ఊదితే పోతాయి. ఐపీస్ దగ్గరున్న ఆ చిన్న రింగుని అసలు కదపకండి.

పూత బాగానే ఉంది, జిడ్డూ దుమ్మూ పట్టాయి. ఏం వాడాలి?

ముందు మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్ము. తర్వాత బ్యాటరీ వాటర్. పెట్రోల్ బంకులో, ఆటోమొబైల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ పేరుతో అమ్మేదే. కాకపోతే డబ్బా మీద చూసి తీసుకోండి, బ్యాటరీలో పోసే యాసిడ్ కూడా అదే కౌంటర్‌లో ఉంటుంది. బోరు నీళ్ళు వద్దు, ఉప్పు మరకలు మిగులుతాయి. కప్పు నీళ్ళకి రెండు చుక్కల తేలికపాటి లిక్విడ్ సోప్ చాలు. నూలుగుడ్డ ముంచి, గట్టిగా పిండి, తుడిచి, వెంటనే వట్టి నీళ్ళ గుడ్డతో ఇంకోసారి తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచేయాలి. గిన్నెలు తోమే సబ్బు బిళ్ళలో క్షారం ఉంటుంది, లక్క క్షారానికీ కరుగుతుంది.

మొండి మరకలకి ఉమ్ము వాడండి. ఎగతాళి కాదు, మ్యూజియంలలో పనిచేసే నిపుణులు కూడా దూదికి ఉమ్మి తడి చేసి తుడుస్తారు. అందులోని ఎంజైములు జిడ్డుని, మురికిని మెత్తగా వదిలిస్తాయి. అయ్యాక నీళ్ళ గుడ్డతో తుడవడం మర్చిపోవద్దు.

గాడుల్లో, మూలల్లో పేరుకున్న మురికికి గుండుసూది, బ్లేడు వద్దు. కొబ్బరి ఈనెపుల్లని చివర చెక్కి వాడండి. ఇత్తడి కన్నా మెత్తన, గీత పడదు. నా బల్ల మీద ఖరీదైన పనిముట్లు కొన్ని ఉన్నాయి గాని, రోజూ చేతిలో ఉండేది ఈనెపుల్లే.

పూత సగం పోయి మచ్చలమచ్చలుగా ఉంది. మొత్తం తీసేసి మళ్ళీ వేయనా?

వీలైతే వద్దు. మిగిలిన సగమూ అసలుది, దాన్ని ఉంచి పైన మైనం పట్టిస్తే చాలు. కొనేవాళ్ళలో తెలిసినవాళ్ళు కూడా తళతళలాడే పరికరం కన్నా మచ్చలున్న అసలు పూతకే ఎక్కువ ఇస్తారు. ఒక భాగం పూర్తిగా వట్టిదైపోయి, రోజూ చేతులు తగిలేదైతే అప్పుడు ఆలోచించండి.

వేయాల్సి వస్తే: లోహాన్ని జిడ్డు లేకుండా తుడిచి, గ్లవ్స్ వేసుకుని, చేయి ఆనించలేనంత వేడిగా చేసి, బాగా పల్చటి లక్క ద్రావణాన్ని మెత్తటి కుంచెతో ఒకే గీతలో పూయాలి. వెనక్కి వచ్చి మళ్ళీ రుద్దితే అక్కడ ముడత పడుతుంది. మన వైపు అసలు చిక్కు తేమ. జూలై నుంచి అక్టోబరు దాకా ఈ పని పెట్టుకుంటే స్పిరిట్ ఆరేటప్పుడు చల్లబడి, గాలిలో నీటిని పట్టి పూత తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి ముందూ వెనకా, ఎండ ఎక్కాక చేయండి.

బజార్లో దొరికే ఇత్తడి పాలిష్ లిక్విడ్ వాడొచ్చా? టూత్‌పేస్ట్?

రెండిట్లోనూ గరుకు పొడి ఉంటుంది. లోహాన్ని రాపిడితో తీసేసి మెరుపు తెప్పించడమే వాటి పని. గాడుల్లో ఆ పొడి తెల్లగా చిక్కుకుపోయి ఎన్నేళ్ళయినా రాదు. ఎవరో పాలిష్ పెట్టారని తెలుసుకోవడానికి మేం చూసే మొదటి గుర్తు అదే.

చాలా పాలిష్‌లలో అమ్మోనియా కూడా ఉంటుంది. దాని సంగతి మన దేశంతో ముడిపడిన కథ. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ ఉంచిన తుపాకీ గుళ్ళ ఇత్తడి తొడుగులు వానాకాలం వచ్చేసరికి ఊరికే పగిలిపోయేవి. వాన రోజుల్లో వాటిని గుర్రపుశాలల్లో పెట్టేవారట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి పగుళ్ళు తెస్తున్నాయని 1921లో వచ్చిన పరిశోధన తేల్చింది. మైక్రోస్కోప్ గొట్టం కూడా అలా సాగదీసి చేసిన ఇత్తడే. ఒకసారి పాలిష్ పెడితే రేపే పగులుతుందని కాదు, మరల సందుల్లో మిగిలిపోయిన తడితోనే భయం. బాత్రూమ్ క్లీనర్లు ఉంచే అల్మారాలో పరికరాలు పెట్టొద్దనేది కూడా ఇందుకే.

స్కేలు మీద అంకెలు కనపడటం లేదు. వెర్నియర్ (సన్నటి కొలత చదివే పక్క స్కేలు) నల్లబడింది. దాన్నైనా మెరిపించొచ్చా?

దాన్నే అసలు మెరిపించకూడదు. మొత్తం పరికరంలో విలువంతా ఆ గీతల్లోనే ఉంది.

మంచి థియోడొలైట్, స్పెక్ట్రోమీటర్లలో ఇత్తడి చక్రంలో సన్నటి వెండి పట్టీ పొదిగి, దాని మీద గీతలు గీస్తారు. ఆ గీతలు ఎంత సన్నవంటే భూతద్దంతో చదవాలి. గాడుల్లో నల్ల మైనం నింపి ఉంటుంది. వెండి నల్లబడటం గాలిలోని గంధకం వల్ల, అది పల్చటి పొర మాత్రమే. దాన్ని రుద్దితే గీతల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, రీడింగు ఎక్కడ తీసుకోవాలో కంటికి తెలియదు. చవక పరికరాల్లో వెండి పట్టీ కూడా ఉండదు, ఇత్తడి మీద వెండి లేపనం రుద్ది ఉంటారు. టూత్‌పేస్ట్ పెట్టి రెండుసార్లు రుద్దితే కింద పసుపు రంగు బయటపడుతుంది.

చదవడానికి వీలైతే నలుపుని వదిలేయండి. నల్లటి స్కేలు కూడా సరైన కొలతే ఇస్తుంది. అసలే కనపడకపోతే బ్యాటరీ వాటర్‌తో తడిపిన దూదిని ఒత్తకుండా, గీతల పొడవు వెంట నడపండి, అడ్డంగా కాదు. మైనం రాలిపోయి గీతలు కనపడకపోతే గాడుల్లో నల్ల మైనం నింపి, పైన ఎక్కువైంది గుడ్డతో తీసేయొచ్చు. నింపింది ఎప్పుడైనా తిరిగి తీయగలం.

కెమికల్ బ్యాలెన్స్ తూకం బరువులు నల్లబడ్డాయి. వాటిని?

బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే. లెక్క చూపిస్తాను. వంద గ్రాముల ఇత్తడి బరువు ఉపరితలం సుమారు 29 చదరపు సెంటీమీటర్లు. పాలిష్‌తో ఒక్క మైక్రాన్ పొర, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు పోయినా, తగ్గే బరువు దాదాపు 24 మిల్లీగ్రాములు. ఆ త్రాసేమో మిల్లీగ్రాములో పదో వంతు తేడా చెప్పేలా చేసింది. తూకం బరువుల్ని చేత్తో కూడా ముట్టుకోరు, పెట్టెలో పట్టకారు అందుకే ఉంటుంది.

త్రాసు కడ్డీ కింద ఉండే అగేటు రాయి కత్తి అంచుల దగ్గరికి లోహపు పనిముట్టు రానివ్వకండి. చిన్న పెచ్చు లేచినా త్రాసు పనికిరాదు.

పచ్చగా పొడి రాలుతోంది. తుడిచినా మళ్ళీ వస్తోంది.

ఇక్కడ ఆగి చూడాలి, ఎందుకంటే పచ్చ రెండు రకాలు.

మరల చుట్టూ, కందెన పెట్టిన చోట మైనంలా మెత్తగా, ముదురు పచ్చగా ఉంటే అది పాత నూనె రాగితో కలిసి గట్టిపడినది. భయం లేదు. ఈనెపుల్లతో గీకి, టర్పెంటైన్ అద్దిన దూదితో తుడిస్తే పోతుంది.

లేత పచ్చగా, పిండిలా, చుక్కలు చుక్కలుగా వచ్చి, తుడిచిన కొన్నాళ్ళకి అదే చోట మళ్ళీ వస్తే అది ఉప్పు పని. భీమిలి, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్ళ నుంచి వచ్చే వస్తువుల్లో ఇది చూస్తాం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానుల్లో తడిసి, కడగకుండా అలాగే ఆరిపోయిన వస్తువుల్లోనూ ఇది రావచ్చు. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి గుంటల్లో కూర్చుంటుంది, గాలిలో తేమ దొరికినప్పుడల్లా లోపలికి తింటూ పోతుంది. పైన తుడవడం వల్ల ఉపయోగం లేదు. బ్యాటరీ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ ఉప్పు లాగేయాలి, తర్వాత పూర్తిగా ఎండబెట్టి పొడిగా ఉంచాలి. ఇది విడి భాగాలకే, ఇనుము గాని కటకం గాని అతికి ఉన్నవాటికి కాదు. ఎక్కువగా ఉంటే బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడతారు గాని అది విషం, ఇంట్లో వద్దు.

ఇనుప మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

తొందరపడి తిప్పితే తల విరుగుతుంది. సన్నటి నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున్న ఇంకో చుక్క. సోల్డరింగ్ ఐరన్ మొన మర తల మీద నిమిషంసేపు ఆనిస్తే మర వ్యాకోచించి పట్టు సడలుతుంది, చుట్టూ లక్క పూత ఉంటే ఇది కుదరదు. ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి.

డబ్ల్యూడీ-40 గురించి అందరూ అడుగుతారు. అది తడిని తోసేయడానికి 1950లలో తయారైన ద్రవం. మర ఊడదీయడానికి మంచిదే. కందెనగా లోపల వదిలేస్తే కొన్నాళ్ళకి జిగురవుతుంది.

ఊడివచ్చిన మర తల ముదురు నీలంగా ఉంటే తుప్పు మందులో ముంచొద్దు. ఆ నీలం రంగు కాదు, ఉక్కుని సుమారు 300 డిగ్రీలకి వేడి చేస్తే పైన ఏర్పడే ఆక్సైడు పొర. తుప్పుతోపాటు అదీ పోతుంది. నూనెలో ముంచిన అతి సన్న స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచుతో), నాలుగు సున్నాల రకంతో, తుప్పు ఉన్నంత మేరే రుద్దండి.

నీలం లేని మామూలు ఇనుప భాగాలకి నిమ్మ ఉప్పు సరిపోతుంది. లీటరు నీళ్ళకి యాభై గ్రాములు వేసి, అరగంటకోసారి తీసి చూస్తూ ఉండాలి. పడేసి సినిమాకి వెళ్ళిపోతే గుంటలు పడతాయి. తీశాక కడిగి, ఆ నిమిషంలోనే తడి తుడిచేసి నూనె రాయాలి, లేకపోతే కళ్ళముందే ఎర్రబడుతుంది.

యూట్యూబ్‌లో వాషింగ్ సోడా నీళ్ళలో కరెంటు పెట్టి తుప్పు తీస్తున్నారు.

స్టాండు, పీఠం లాంటి మోటు ఇనుప భాగాలకి బాగా పనిచేస్తుంది. స్ప్రింగులకి వద్దు, హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కుతాయి. ఇత్తడి, అల్యూమినియం అందులో వేయకూడదు. అవతలి ప్లేటుగా స్టీలు గిన్నె ముక్క వాడొద్దు, క్రోమియం విషం నీళ్ళలోకి వస్తుంది, మామూలు ఇనుప రేకు వాడండి. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట చేయండి.

అల్ట్రాసోనిక్ క్లీనర్?

విడి మరలకి, వట్టి లోహానికి సరే. పూత ఉన్నవి, అతికించినవి, అంకెల్లో మైనం ఉన్నవి వేయకండి.

పళ్ళచక్రాలు, జారే భాగాలు కదలడం లేదు. లోపల గ్రీజు రాయిలా అయింది.

బలం వాడకండి. పాత మైక్రోస్కోప్ బిగుసుకుపోవడానికి తుప్పు కన్నా ఎండిన గ్రీజే ఎక్కువ కారణం. హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేస్తే మెత్తబడుతుంది. కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం, పెయింట్ షాపులో టర్పెంటైన్ తీసుకోండి. పెట్రోల్ వద్దు, మంటలు అంటుకుంటాయి. పాత గ్రీజు ఆనవాలు లేకుండా పోయాకే కొత్తది, అదీ గోరు చివరంత.

ప్రమాదకరమైనవి ఏమైనా ఉంటాయా?

ఉంటాయి, ఇది సరదాగా తీసుకోకండి.

గాలి ఒత్తిడి కొలిచే ఫోర్టిన్ బారోమీటర్‌లో పాదరసం ఉంటుంది. దాన్ని పడుకోబెట్టి కారులో తేవద్దు, ముందు ఎలా మూయాలో తెలిసినవాళ్ళని అడగండి. ఒలికితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ పనికిరావు, ఆవిరి ఇల్లంతా పరుస్తాయి. కిటికీలు తీసి, ఫ్యాను ఆపి, పిల్లల్ని బయటికి పంపి, అట్టముక్కతో చుక్కల్ని ఒకచోటికి చేర్చి మూత గట్టిగా ఉన్న సీసాలోకి ఎత్తండి. ముందు చేతి ఉంగరం తీసేయండి, బంగారం పాదరసాన్ని పట్టేస్తుంది. ఇత్తడి కూడా అంతే.

చీకట్లో మెరిసేందుకు రంగు వేసిన పాత విమాన, సైనిక పరికరాల ముళ్ళు, అంకెల్లో రేడియం ఉండొచ్చు. ఇప్పుడు మెరవడం లేదంటే రంగు చచ్చిపోయిందని అర్థం, రేడియం కాదు. దాని సగం ఆయుష్షు సుమారు 1600 ఏళ్ళు. అద్దం విప్పకండి, గీకకండి. సీసం బరువుల మీద తెల్ల పొడి, కాడ్మియం పూత ఉన్న పాత మరల మీద పసుపుపచ్చ పొడి కనిపిస్తే పొడిగా రుద్దకుండా, గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడిచి గుడ్డని పారేయండి. సీసం, కాడ్మియం రెండూ విషాలే. పాత హీటర్లలో, ఓవెన్లలో తెల్లటి నారలా ఉండేది ఆస్‌బెస్టాస్ కావచ్చు, దాన్ని కదపొద్దు.

బుడితిలో ఇత్తడి పని బాగా చేస్తారు కదా, అక్కడ ఇవ్వొచ్చా?

శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పోయిన పిడి, విరిగిన కాలు, కనపడకుండా పోయిన మూత లాంటివి పోత పోయించాలంటే అలాంటి చేయి తిరిగిన పనివాళ్ళనే వెతకాలి. నమూనాగా అసలు భాగాన్ని ఇస్తే, పోతపోసిన లోహం చల్లారి కొంచెం కుంచించుకుంటుందని గుర్తుపెట్టుకుని కొలత కాస్త ఎక్కువ ఉంచమనండి. కొత్త భాగం లోపలివైపు చేసిన సంవత్సరం చెక్కించండి, రేపు ఎవరూ దాన్ని అసలుదని పొరపడరు.

పాలిష్ కోసం మాత్రం ఎవరికీ ఇవ్వకండి. బఫింగ్ చక్రం మీద పెట్టాక తయారీదారు పేరు పోయిన పరికరాన్ని మళ్ళీ ఎవరూ బాగుచేయలేరు. పనివాళ్ళ తప్పు కాదు, మెరిపించమని మనం అడిగాం, వాళ్ళు మెరిపించారు.

మన జిల్లాల్లో ఇలాంటివి నిజంగా ఉన్నాయా?

ఎందుకుండవు? చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల 1890ల నుంచీ మాంగనీసు గనులు నడిచాయి, గని అంటే సర్వే, సర్వే అంటే థియోడొలైట్, డంపీ లెవెల్. రైల్వే, కాలువల పనులకీ అవే కావాలి. పాత కాలేజీలు, హైస్కూళ్ళ ల్యాబుల్లో టాంజెంట్ గాల్వనోమీటర్లు, ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌లు ఉండేవి. విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న రోజుల్లో గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖలో సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కడినుంచే గమనించారు. పాత సామాన్ల వాళ్ళకి కిలో లెక్కన ఇత్తడి అమ్మేముందు ఒకసారి తిరగేసి చూడండి.

శుభ్రం చేశాక మళ్ళీ నల్లబడకుండా?

వట్టి లోహానికి మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించి మెత్తటి గుడ్డతో తుడవండి. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందించిన రినైసాన్స్ వ్యాక్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదే గాని చిన్న డబ్బా ఏళ్ళకేళ్ళు వస్తుంది. కొబ్బరినూనె రాయకండి, అదే రేపు పచ్చటి జిగురవుతుంది.

అద్దాల బీరువాలో సిలికా జెల్ పెట్టి, చవక హైగ్రోమీటర్ (గాలిలో తేమ శాతం చూపేది) ఒకటి ఉంచండి. ముల్లు యాభై లోపు ఉంటే హాయి, అరవై అయిదు దాటితే సిలికా జెల్‌ని వేడిచేసి ఆరబెట్టే టైమైనట్టు. రబ్బరు షీటు, ఉన్ని గుడ్డ పరవద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. తోలు కేసు, చెక్కపెట్టె అసలువే అయినా పరికరాన్ని అందులో మూసి ఉంచకండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది, తోలు తేమ పడుతుంది. పెట్టెని పక్కనే పెట్టుకోండి, పారేయొద్దు.

మాస్టారూ, స్కూలు పిల్లలతో ఈ పని చేయించొచ్చా?

బ్రష్‌తో దుమ్ము దులపడం, మరల అట్ట గీయడం, ఫోటోలకి నంబర్లు వేయడం వాళ్ళు మనకన్నా శ్రద్ధగా చేస్తారు. బారోమీటర్, తెల్ల పొడి ఉన్న బరువులు, మెరిసే ముళ్ళున్న డయల్స్ ముందే తీసి వేరే గదిలో తాళం వేయండి. ద్రావణాలేవీ వాళ్ళ చేతికి ఇవ్వొద్దు, బ్యాటరీ వాటర్ తప్ప.